ఒక్క మెతుకు

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవటానికి గిన్నెడన్నమూ పిసికి చూడనక్కర్లేదు. ఒక్క మెతుకు వేళ్ళ మధ్య పెట్టి నలిపితే చాలు. ఈ సంగతి మనకి అమ్మ చెప్పింది, అమ్మకి అమ్మమ్మ చెప్పింది. పండితులు దీనికి స్థాలీపులాక న్యాయమని పెద్ద పేరు పెట్టి శాస్త్రంలో చేర్చుకున్నారు గాని, అసలు హక్కు వంటింటిదే. ఇన్నేళ్ళుగా నేనూ ఆ న్యాయాన్నే నమ్ముకుని బతుకుతున్నాను. కొంగు చూసి చీర కొన్నాను. మొదటి పేజీ చదివి పుస్తకం కొన్నాను. కుళాయి ఒక్కసారి తిప్పి చూసి ఇల్లు అద్దెకి తీసుకున్నాను. ఆ ఇంట్లో నీళ్ళొచ్చేది రోజుకి ఆ ఒక్క గంటేనని చేరాక తెలిసిందనుకోండి. అయినా బుద్ధి రాలేదు.

ఆ న్యాయం అన్నిచోట్లా చెల్లదని మొన్నీమధ్య నాకు ఒక లాప్‌టాప్ నేర్పింది.

నా లాప్‌టాప్ పాతది. అందులో ఉన్న విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఆ రోజుతో అది పనిచెయ్యటం మానేసిందని కాదు. దొంగలు కొత్త మారుతాళాలు చేయించుకుంటున్నా, మన తలుపుకి తాళం మార్చేవాళ్ళు ఇక రారన్నమాట. ప్రత్యేకంగా నమోదు చేయించుకున్నవాళ్ళకి మరో ఏడాది గడువిచ్చారు. తరవాతి విండోస్‌ని భరించే శక్తి నా యంత్రానికి లేదట. అమ్మేద్దామా అంటే ఎవరు కొంటారు? పారేద్దామా అంటే దానిమీద మూడు నవలలు రాశాను, చెయ్యి రాలేదు.

మా అక్క కొడుకు ఈ పనుల్లో ఆరితేరినవాడు. "పారెయ్యక్కర్లేదు పిన్నీ, ఉబుంటు పెడతాను" అన్నాడు.

ఉబుంటు అనేది లైనక్స్ కుటుంబంలో ఒక ఆపరేటింగ్ సిస్టం. ఆపరేటింగ్ సిస్టం అంటే ఏమిటని అడిగేవాళ్ళు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళకోసం చెప్తున్నాను. ఇంటికి ఇల్లాలు ఎలాగో, కంప్యూటరుకి అది అలాగ. ఎవరికి ఏది కావాలో అందిస్తుంది, ఎవరు ఎవరి జోలికి వెళ్ళకుండా చూస్తుంది, అన్నీ సవ్యంగా జరుగుతున్నంతకాలం అదొకటి ఉందని ఎవరికీ గుర్తుండదు. లైనక్స్‌కి గుండెకాయ లాంటి భాగాన్ని 1991లో ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి రాయటం మొదలుపెడితే, ఆ తరవాత దేశదేశాల వాళ్ళు వేలమంది చెయ్యివేశారు. ఉబుంటు 2004 అక్టోబరులో వచ్చింది. ఆ మాట దక్షిణాఫ్రికా వైపు జూలూ మొదలైన భాషల్లోది. మనిషితనం అని అర్థం. తోటివాళ్ళ వల్లనే మనిషి మనిషవుతాడన్న భావం అందులో ఇమిడి ఉందట. యంత్రానికి ఇంత మంచి పేరు పెట్టినవాళ్ళు మోసం చెయ్యరులే అనుకున్నాను. చూశారా, అప్పుడే ఒక మెతుకు నలిపేశాను!

మావాడు ఆదివారం వచ్చి, ఒక పెన్ డ్రైవ్ గుచ్చి, అరగంటలో పని ముగించాడు. పాత విండోస్‌ని కూడా పూర్తిగా తుడిచెయ్యకుండా, సామాన్ల గదిలా ఒక మూల ఉంచాడు. తెర వెలిగింది. కొత్త రంగులు, కొత్త బొమ్మలు. కాఫీ గ్లాసు వాడి చేతికిచ్చి, "బ్రహ్మాండంగా ఉందిరా, చక్కగా పనిచేస్తోంది" అన్నాను.

"ఏం చూసి అన్నావ్?" అన్నాడు.

"తెర వెలిగింది గదా!"

"తెర వెలిగితే తెర పనిచేస్తున్నట్టు. మిగతావి?"

నేను వాడికి మెతుకు సంగతి చెప్పాను. వాడు నవ్వి, "పిన్నీ, ఇది గిన్నెడన్నం కాదు, పెళ్ళివంట. పులిహోర రుచి చూసి బూరెలు బాగా కుదిరాయని చెప్తావా?" అన్నాడు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, వాడన్నది నిజం. మెతుకు న్యాయం అన్నానికి ఎందుకు చెల్లుతుంది? అన్ని మెతుకులూ ఒకే బియ్యం, ఒకే నీళ్ళు, ఒకే మంట, ఒకే పొద్దు. ఒకదాని సంగతి తెలిస్తే అందరి సంగతీ తెలిసినట్టే. ఈ యంత్రంలో శబ్దం సంగతి చూసే భాగాన్ని ఒకరు రాశారు, ప్రింటరు సంగతి ఇంకొకరు రాశారు, తెలుగు అక్షరాల సంగతి మరొకరు. ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు. ఇక్కడ ఒక్క మెతుకు చాలదు. మరి ఎన్ని మెతుకులు చాలుతాయి? ఒకదాన్ని నమ్మటానికి ముందు ఎంతవరకు పరీక్షించాలి, ఎక్కడ ఆపాలి? కంప్యూటరు దగ్గర మొదలైన ఆ ప్రశ్న ఆ రాత్రి నన్ను చాలా దూరం లాక్కుపోయింది.

మావాడి పరీక్ష నిజానికి యంత్రాన్ని తాకకముందే మొదలైందట. ఉబుంటుని ఇంటర్నెట్‌లోంచి దింపుకున్నాక, ఆ మొత్తానికి వేలిముద్ర లాంటిదొకటి లెక్కకట్టి చూస్తారు. 64 అక్షరాలూ అంకెలూ ఉండే గుర్తు. తయారుచేసినవాళ్ళు ప్రకటించిన గుర్తూ, మన దగ్గర వచ్చిన గుర్తూ పొల్లుపోకుండా కలవాలి. దారిలో ఒక్క అక్షరం మారినా గుర్తంతా మారిపోతుంది. "అంటే ఇక భయం లేదన్నమాట" అన్నాను. "వాళ్ళు పంపిందే మనకి చేరిందని తెలిసింది, అంతే. పంపింది మంచిదా కాదా అన్నది సీలు చెప్పదు" అన్నాడు. పెళ్ళిసంబంధాల్లో ఫోటోలోని అబ్బాయే పీటలమీద కూర్చున్నాడని తేలటం ఎంత అవసరమో, అంతమాత్రాన కాపరం కుదిరినట్టు కాకపోవటం కూడా అంత నిజం గదా!

ఆ తరవాత ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ చూశాం. వైఫై అందుకుంది. పాట పెడితే వినిపించింది. నేను మాట్లాడితే అది వింటోందో లేదో చూశాం. మూత వేసి పడుకోబెట్టి, మళ్ళీ తెరిచి లేపాం. నిద్రపోవటం అన్ని యంత్రాలకీ చేతనవుతుందట, లేవటం దగ్గరే కొన్ని మొరాయిస్తాయట. పిల్లల్ని బడికి పంపే ఇల్లాళ్ళకి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రింటరు రెండుసార్లు పలకక మూడోసారి పలికింది. నా పాత కథలు కొన్ని తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు తలమీద చుక్కలూ తోకలూ పెట్టుకుని వరసగా నిలబడ్డాయి. కొత్త యంత్రం తప్పు కాదట. వెనక పత్రికలకీ పుస్తకాలకీ తెలుగు కంపోజు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల పీటలమీద తెలుగు అక్షరాలని కూర్చోబెట్టిన ఫాంట్లు వాడేవాళ్ళం. ఆ ఫాంటు లేని చోట పీటలు మాత్రమే కనిపిస్తాయి, కూర్చున్నవాళ్ళు కనిపించరు. ఇలాంటి ఇబ్బంది లేకుండా ప్రతి భాషకీ తన పీట తనకే కేటాయించిన పద్ధతి యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి రూపంలోనే తెలుగుకి చోటిచ్చారు. ఇచ్చిన చోటులోకి మనం చేరటానికే చాలా ఏళ్ళు పట్టింది.

అన్నిటికన్నా విచిత్రమైనది గడియారం. ఉబుంటులో చూస్తే సాయంత్రం ఆరు. సరిగ్గా ఉంది. సామాన్ల గదిలో పాత విండోస్ ఎలా ఉందో చూద్దామని అందులోకి వెళ్తే మధ్యాహ్నం పన్నెండున్నర! ఐదున్నర గంటలు వెనక్కి పోయింది. యంత్రం లోపల బాటరీమీద నడిచే చిన్న గడియారం ఒకటి ఉంటుంది. లైనక్స్ దాన్ని ప్రపంచానికంతటికీ ఉమ్మడి అయిన సమయానికి పెట్టి, మన దేశానికి ఐదున్నర గంటలు తాను కలుపుకుంటుంది. విండోస్ ఆ గడియారం చూపించేదే ఇక్కడి సమయమనుకుంటుంది. దేని లెక్క దానికి సరైనదే. విడివిడిగా చూస్తే ఏ తప్పూ లేదు. ఒకే ఇంట్లో ఉన్నప్పుడే తేడా. ఇద్దరూ మంచివాళ్ళే, ఒక వంటింట్లో పడితే మాత్రం ఐదున్నర గంటల ఎడం! ఇలాంటి అత్తాకోడళ్ళమీద నేనే రెండు నవలలు రాశాను. మావాడు ఒకరికి నచ్చచెప్పి దారిలోకి తెచ్చాడు. ఎవరికని అడగలేదు. ఏ ఇంట్లోనైనా అడగకూడని ప్రశ్న అది.

చివరికి తెలుగు టైపు. నేను ఉత్సాహంగా "అమ్మ", "ఇల్లు", "ఉత్తరం" అని కొట్టాను. మావాడు ఊరుకోలేదు. "కష్టమైనవి కొట్టు పిన్నీ. నీకు తెలిసిన పరీక్ష పెడితే అది నీకు తెలిసిన జవాబే చెప్తుంది" అన్నాడు. స్త్రీ, క్షేత్రం, ఊర్ధ్వం, జ్ఞానం అని కొట్టాను. అన్నీ బాగానే వచ్చాయి. అప్పుడు వాడొక సంగతి చెప్పాడు. 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతటా ఐఫోనులు ఒక తెలుగు అక్షరం చేరగానే కుప్పకూలాయట. ఆ అక్షరం "జ్ఞా". మనం మామూలుగా రాసే జ్ఞా కాదు. మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు చేరిన జ్ఞా. ఎవరైనా అది సందేశంగా పంపితే, దాన్ని చూపించబోయిన ఆప్‌లు చాలా ఆగిపోయేవి. ఆ నెల 19న సవరణ విడుదల చేశాక గాని సద్దుమణగలేదు.

నాకు నవ్వొచ్చింది, తరవాత ఆలోచనొచ్చింది. ఆపిల్ వాళ్ళు పరీక్షలు చెయ్యకుండా సరుకు వదిలేవాళ్ళు కారు. ఎన్నో చేసి ఉంటారు. కాని వాళ్ళు చూసినవాటిలో ఆ ఒక్క మెతుకు లేదు. జ్ఞానమనే మాటకి మొదటి అక్షరమే వాళ్ళకి తెలియని అక్షరమైంది. మనకి తెలియదని మనకి తెలిసినదాన్ని పరీక్షించుకోవచ్చు. తెలియదని కూడా తెలియనిదాన్ని పరీక్షించటం ఎలా?

రాత్రి పదకొండయింది. "ఇంకెంతసేపురా? ఎప్పటికి పూర్తవుతుంది?" అన్నాను.

"ఎప్పటికీ అవదు" అన్నాడు నిదానంగా. హాలండు దేశస్థుడు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే ఆయన, ఈ శాస్త్రానికి పెద్దదిక్కుల్లో ఒకరు, 1969లో రోమ్‌లో జరిగిన సభలోనే ఈ సంగతి తేల్చి చెప్పారట. పరీక్షలు తప్పు ఉందని చూపించగలవు గాని, తప్పు లేదని ఎన్నటికీ చూపించలేవని దాని సారాంశం. యూనిక్స్‌ని రూపొందించినవారిలో ఒకరైన కెన్ థాంప్సన్ మరో అడుగు ముందుకి వేశారు. ప్రోగ్రాములని యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రాములోనే దొంగతనం దాచిపెట్టవచ్చనీ, అప్పుడు పైన రాసినదంతా వరసవరసా చదివినా దొంగ కనపడడనీ 1984లో అచ్చయిన తన ట్యూరింగ్ బహుమతి ప్రసంగంలో ఉదాహరణతో సహా చూపించారు. పూర్తిగా మన చేత్తో మనం చేసుకోనిదాన్ని పూర్తిగా నమ్మలేం. ఈ లోకంలో పూర్తిగా మన చేత్తో మనం చేసుకున్నది ఏముంది చెప్పండి? వండిన అన్నం మనదే, పండించిన చెయ్యి మనది కాదు.

పోనీ, పరీక్షించే పనిని కూడా యంత్రానికే అప్పగిస్తే? ఆ ముచ్చటా తీరింది. 2024 జులై 19న విమానాశ్రయాల్లోనూ ఆసుపత్రుల్లోనూ బాంకుల్లోనూ తెరలు నీలంగా మారి నిలిచిపోవటం మీకు గుర్తుండే ఉంటుంది. మన హైదరాబాదు విమానాశ్రయంలో కూడా బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న సవరణ వల్ల 85 లక్షల దాకా విండోస్ యంత్రాలు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ వాళ్ళు లెక్క చెప్పారు. ఆ సవరణని పరీక్షించకుండా పంపలేదు. పరీక్షించే ప్రోగ్రాము దాన్ని చూసి, బాగానే ఉందని ముద్రవేసింది. తప్పు ఆ పరీక్షించేదానిలోనే ఉంది. కాపలాదారు నిద్రపోతూ కూడా "అంతా క్షేమం" అని కేకవేస్తుంటే ఇంట్లోవాళ్ళు ఏం చేస్తారు?

ఆ మాట దగ్గర నాకు చటుక్కున మా అమ్మ గుర్తొచ్చింది.

నాన్నగారు పోయాక అమ్మ ఊళ్ళో ఒక్కతే ఉంటోంది. రమ్మంటే రాదు. రోజూ పొద్దున ఏడింటికి నేను ఫోన్ చేస్తాను. "బాగున్నావా అమ్మా?" "ఆఁ, బాగున్నానే. మీరంతా బాగున్నారా?" "బాగున్నాం." ఫోన్ పెట్టేసి నా కర్తవ్యం నెరవేరిందని పనిలో పడిపోయేదాన్ని. కొన్ని నెలలు అలాగే సాగింది. సంక్రాంతికి వెళ్ళి చూస్తే అమ్మ చిక్కి సగమైంది. రెండు కళ్ళల్లోనూ శుక్లాలు ముదిరి, దీపం పెట్టేవేళ అయ్యేసరికి పొయ్యిమంట సరిగ్గా ఆనటం లేదట. ఎక్కడ చెంగు అంటుకుంటుందోనని భయపడి రాత్రిపూట పొయ్యి వెలిగించటం మానేసింది. మధ్యాహ్నం అన్నంలోనే ఇంత మజ్జిగ పోసుకుని తినేసి పడుకుంటోంది. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అని కేకలేశాను. "నువ్వడగలేదుగా" అంది.

రోజూ అడిగాను! కాని నిజం ఆలోచిస్తే, అమ్మ చెప్పిందే సరైనది. "బాగున్నావా" అన్న ప్రశ్నకి ఏ తల్లి అయినా చెప్పే జవాబు ఒక్కటే. ఒక్కటే జవాబు వచ్చే ప్రశ్న ప్రశ్న కాదు. ఎన్నడూ తప్పని పరీక్ష పరీక్ష కాదు, అది పూజలో గంట వాయించటం లాంటిది. నేను అమ్మ క్షేమం తెలుసుకోవటానికి ఫోన్ చెయ్యలేదు. తెలుసుకున్నానన్న తృప్తికోసం చేశాను. నిద్రపోతూ కేకవేసిన కాపలాదారుని నేనే.

కళ్ళకి ఆపరేషన్ చేయించాం. ఆ తరవాత నా ప్రశ్న మార్చేశాను. ఇప్పుడు "బాగున్నావా" అనను, "ఇవాళ ఏం కూర?" అంటాను. వంకాయ అంటే వంకాయ తెచ్చుకుంది, తరిగింది, పొయ్యి ముట్టించింది, ఓపికగా ఉంది. "నిన్నటి పప్పే ఉందిలే" అని రెండు రోజులు వరసగా అందంటే బస్సెక్కాల్సిందే. ఈ ప్రశ్నకి తప్పు జవాబు రావటానికి సందుంది. అందుకే ఇది పనికొస్తోంది.

అలాగని పరీక్షలన్నీ మంచివేనని కాదు. రెండో వైపు గొయ్యి ఇంకా లోతు. మా అమ్మమ్మని పెళ్ళిచూపుల్లో నడిపించి చూశారట, పాడించి చూశారట, జడ సవరమేమోనని వెనకనించి ఒకావిడ లాగి కూడా చూసిందట. అన్నిటా నెగ్గి ఆ ఇంటికి వచ్చాక, మరో ముప్ఫై ఏళ్ళు ఉప్పు ఎక్కువైందా తక్కువైందా అని పూటపూటా పరీక్షే. సీత సంగతి చెప్పేదేముంది? అగ్నిలో దూకి నెగ్గింది. నెగ్గినా అడవికి పోయింది. అడవినించి పిలిపించి నిండుసభలో మళ్ళీ ఋజువు అడిగితే, ఇక చాలని భూమిలోకి వెళ్ళిపోయింది. పరీక్ష నెగ్గాక కూడా నమ్మకం రాలేదంటే, లోపం పరీక్ష ఇచ్చినవాళ్ళలో లేదు, పెట్టినవాళ్ళలో ఉంది. అంతు లేని పరీక్ష పేరు పరీక్ష కాదు, అనుమానం. యంత్రాన్ని వందసార్లు లేపి పడుకోబెట్టినా దానికి బాధ లేదు. మనిషి అలా కాదు. మనిషిని పరీక్షించిన ప్రతిసారీ ఆ మనిషిలో ఏదో ఒకటి మారుతుంది. మొగుడి జేబులు రోజూ వెతికే ఇల్లాలికి ఏమీ దొరకకపోవచ్చు. కాని రోజూ జేబు వెతికించుకునేవాడు మునుపటి మనిషిగా మాత్రం మిగలడు.

అయితే ఇటు గుడ్డిగా నమ్మకూడదు, అటు అంతులేకుండా అనుమానించకూడదు. మధ్యలో ఎక్కడ నిలబడాలి? దీనికి జవాబు నాకు మావాడు చేసిన ఆఖరి పనిలో దొరికింది. ఆఖరి పని అంటున్నాను గాని, నిజానికి అది అన్నిటికన్నా ముందు మొదలుపెట్టినది.

కొన్నేళ్ళ కిందట నా పాత కంప్యూటరు ఒకటి చెప్పాపెట్టకుండా చచ్చిపోయింది. అందులో పదకొండు అధ్యాయాల నవల ఉంది. నేను కంగారుపడలేదు. ప్రతి శుక్రవారం పొద్దున దీపం పెట్టుకున్నాక, పెన్ డ్రైవ్‌లోకి ఒక కాపీ ఎక్కించేదాన్ని. అంత శ్రద్ధ! తీసి చూస్తే ఫైలు పేరు ఉంది. తెరిస్తే తెరుచుకోలేదు. ఏ శుక్రవారంనించి అలా ఉందో దేవుడికే తెలియాలి. ఎక్కించానే గాని, ఒక్కసారైనా అందులోంచి తెరిచి చూసిన పాపాన పోలేదు. నవల మళ్ళీ జ్ఞాపకంమీద రాశాను. కథ వచ్చింది, సంఘటనలు వచ్చాయి. కాని అందులో ఒక ముసలమ్మ ఉండేది, అరుగుమీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడుతూ ఉండేది. ఆమె మాటలు ఎంత తపస్సు చేసినా తిరిగి రాలేదు. అచ్చయిన నవలలో అరుగుంది, ముసలమ్మ లేదు. చదివినవాళ్ళెవరికీ తెలియదు, నాకు తెలుసు.

ఈసారి మావాడు ఉబుంటు పెట్టకముందే నా ఫైళ్ళన్నీ వేరే డిస్కులోకి ఎక్కించి, పక్కన పెట్టాడు. అంతా అయ్యాక ఆ డిస్కు నా చేతికిచ్చి, "ఇందులోంచి నీ ఇష్టమొచ్చిన నవల ఒకటి కొత్తదాంట్లోకి తీసుకుని తెరువు. మొదటి పేజీ కాదు, ఆఖరి పేజీ దాకా వెళ్ళి చదువు" అన్నాడు. తెరిచాను. వెళ్ళాను. చదివాను. నేను రాసిన ఆఖరి వాక్యం నాకే కొత్తగా కనిపించింది.

"ఇప్పుడిక ఆపొచ్చు" అన్నాడు.

"ఇంకా తప్పులుంటాయేమో గదరా?"

"ఉంటాయి. ఉన్నా ఫర్వాలేదు. ఏది చెడినా మళ్ళీ మొదలుపెట్టే చోటు ఒకటుంది గదా."

అప్పుడు నాకు తట్టింది. నమ్మకమంటే ఇది చెడదు అనుకోవటం కాదు. అది అజ్ఞానం. కాకపోతే బద్ధకం. చెడేందుకు అవకాశమున్న పరీక్ష నిజాయితీగా పెట్టి చూసి, ఒక చోట ఆపి, ఆ తరవాత చెడినా దారి ఉంచుకోవటం. పరీక్ష ఎక్కడ ఆపాలన్నది ఎన్ని మెతుకులు చూశామన్నదాన్ని బట్టి కాదు, తిరిగొచ్చే దారి ఉందా లేదా అన్నదాన్ని బట్టి. దారి లేనివాళ్ళకి ఎన్ని పరీక్షలైనా చాలవు. రాముడికి పౌరుల మాట కాదని సీతని తెచ్చుకునే దారి లేకపోయింది, అందుకే ఎన్ని ఋజువులైనా చాలలేదు. అమ్మమ్మ అత్తగారికి కోడలి తప్పుని క్షమించే అలవాటు లేదు, అందుకే ముప్ఫై ఏళ్ళూ ఉప్పు చూస్తూనే ఉంది. మనుషుల విషయంలో ఆ తిరిగొచ్చే దారినే మన పెద్దలు క్షమ అన్నారు కాబోలు. పిల్లవాడు అబద్ధమాడాడా అని పదిసార్లు నిలదీసే కన్నా, నిజం చెప్తే ఈ ఇంట్లో కొంప మునగదని వాడికి తెలిసేలా ఉండటం మంచిది. అమ్మ కూడా అంతే. కళ్ళు కనపడటం లేదంటే నేను కంగారుపడి, ఊళ్ళో ఇల్లు తాళం వేయించి తీసుకుపోతానని ఆవిడ భయం. దారి నేను మూసేసి, జవాబు రాలేదని ఆవిడమీద కేకలేశాను.

మావాడు వెళ్ళేముందు గుమ్మంలో ఆగి, "అంతా సరిగ్గా ఉన్నట్టేనా పిన్నీ?" అన్నాడు.

పొద్దుటి నేనైతే బ్రహ్మాండం అనేదాన్ని. "చూసినంతవరకు" అన్నాను. వాడు సంతోషించాడు. ఈ ప్రపంచంలో దేన్ని గురించైనా, ఎవర్ని గురించైనా అంతకన్నా ఎక్కువ చెప్పగలిగినవాళ్ళుంటే నాకు ఒక కార్డు ముక్క రాయండి.

మర్నాడు పొద్దున ఏడింటికి అమ్మకి ఫోన్ చేశాను. "ఇవాళ ఏం కూరే?" అని నేను నోరు తెరవకముందే తనే అడిగింది. ఒక్క క్షణం నాకు మాట రాలేదు. రాత్రంతా యంత్రం ముందు కూర్చుని పొద్దున ఆలస్యంగా లేచాను. ఇంట్లో ఆవకాయే గతి.

"బెండకాయ వేపుడు" అన్నాను.

"అబద్ధం" అంది అమ్మ. "గొంతు నిద్రలో ఉంది. పెరుగైనా ఉందా?"